బూరుగ రోషం, దేవదారు ఓర్పు

నా మొగుణ్ణి దేవదారు చెట్టు చంపిందని కాగితాల్లో ఉంది. ఆ కాగితాలు రాసింది నేనే కాబట్టి చెబుతున్నాను, అది పచ్చి అబద్ధం. పండన్నను చంపింది నేను. చేత్తో కాదు, నోటితో. అంతకు ముందు ఎనిమిది నెలలపాటు కలంతో.

జాలి పడమని చెప్పడం లేదు. ఏడుపంతా ఎప్పుడో అయిపోయింది. ఒళ్లు మండి చెబుతున్నాను.

మా కొండ మీద దొరల కాలం నాటి బంగళా ఒకటి ఉంది. ఏ దొరకి తన చలి దేశం మీద బెంగ పుట్టిందో, వాకిట్లో దేవదారు మొక్క తెప్పించి నాటించాడు. దొర పోయాడు, చెట్టు మిగిలింది. ఇద్దరు చేతులు చాచి పట్టుకుంటే గాని అందనంత మాను. ఎండాకాలమైనా వానాకాలమైనా అదే ముదురు పచ్చ, అదే మౌనం. దానికి ముప్పై అడుగుల దూరంలో ఎవరూ నాటని బూరుగ ఉంది. మానంతా ముళ్లు. మాఘమాసం రాగానే ఆకులన్నీ దులిపేసి ఎర్రగా విరగబూస్తుంది, గోరింకల్నీ కాకుల్నీ పిలిచి నానా గోల చేస్తుంది, చైత్రం దాటేసరికి దూది ఎగరేసి ఊరుకుంటుంది. ఆ రెండు చెట్లు ఒకే వాకిట్లో దొరికాయనే డాక్టర్ కామేశ్వరి ఆ బంగళాను తీసుకుని ప్రయోగశాల చేసింది.

మేడమ్‌కు అరవై దాటాయి. ఆమె తమ్ముడు అడవిలో రేంజరుగా పనిచేసేవాడు. కలప దొంగలు అతణ్ణి జీపు పక్కనే గొడ్డళ్లతో నరికారు.

"పదహారు గాట్లు, లోవలక్ష్మీ," అనేది ఆమె, కాఫీ కప్పు చేతిలో పట్టుకుని. "చెట్టును నరికే గొడ్డలితోనే. అడవిని మనుషులు కాపాడలేరు. అడవి తనను తానే కాపాడుకోవాలి."

చెట్లకు నరాలు లేవు గాని కబుర్లున్నాయి. ఒక కొమ్మకు గాటు పడితే ఆ సంగతి మిగతా కొమ్మలకు చేరడానికి గంటలు పడుతుంది. మేడమ్ కనిపెట్టిన మందు ఆ గంటల్ని రెప్పపాటు చేసింది. దాన్ని నేనే రెండు చెట్ల వేళ్లలోకీ సూదితో ఎక్కించాను. దానికో పొడవాటి పేరుండేది, నాకు నోరు తిరిగేది కాదు. రోషం మందు అనేదాన్ని. మేడమ్ నవ్వి, తర్వాత తను కూడా అలాగే అనడం మొదలుపెట్టింది.

రోజూ ఒక్కో చెట్టుకు ఏడు గొడ్డలి దెబ్బలు. గుండె జబ్బులవాళ్లకు తీసినట్టు ఒక యంత్రం కాగితం మీద గీత గీస్తూ, దెబ్బకు చెట్టు లోపల ఏం జరుగుతోందో చూపించేది. రిజిస్టరు రాయడం నా పని, ఎందుకంటే మా ఊళ్లో బి.ఎస్సీ. చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. గొడ్డలి పట్టే మనిషి కావాలని మేడమ్ అడిగితే, "మా ఆయనున్నాడు మేడమ్, రెండు కొండల్లో అంత చెయ్యి లేదు," అని గొప్పగా చెప్పాను.

మొదటి రోజు పండన్న దేవదారు ముందు నిలబడ్డాడు. గొడ్డలి తిరగేశాడు. దాని వెనక వైపుతో మానును మెల్లగా మూడుసార్లు తట్టాడు. అరచెయ్యి ఆనించి, "తల్లీ, గాటు పెడతన్నాను. తప్పు కాయి," అన్నాడు. ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగి, అప్పుడు కొట్టాడు.

మా కొండవాళ్లకు అది ఆచారం. చెట్టులో పిట్ట ఉండవచ్చు, పాము ఉండవచ్చు, కంటికి కనిపించనిది ఉండవచ్చు. తట్టి, చెప్పి, తప్పుకోవడానికి టైమిచ్చి నరకాలి. తట్టకుండా నరికినవాడి ఇంట నీళ్లు కూడా తాగరు.

లోపల యంత్రం దగ్గరున్న మేడమ్ తల ఎత్తింది. "ఏమిటా చప్పుడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత చదువుకుని, కట్టుకున్నవాడు చెట్టుకు దండం పెడుతున్నాడని ఎలా చెప్పను? "గొడ్డలి పిడి వదులైంది మేడమ్. బిగించుకుంటున్నాడు," అన్నాను.

"సరే. దెబ్బలు మాత్రం రాయి. మొదటి దెబ్బ నుంచీ."

అలాగే రాశాను. ఆ అబద్ధం అక్కడితో పోలేదు. ఎనిమిది నెలలు రోజూ ఆడాను.

ఆ సాయంత్రం ఇంట్లో చోడి అంబలి కలుపుతూ గరిటె విసిరికొట్టాను. అతని చెవి పక్కనుంచి వెళ్లి గోడకు తగిలింది.

"మేడమ్ ముందు నా పరువు తీస్తావా? మూఢనమ్మకాలన్నీ మూటగట్టుకుని తెచ్చావేం ఉద్యోగానికి?"

పండన్న గరిటె తీసుకుని కడిగి నా చేతిలో పెట్టాడు. "నువ్వూ బూరుగ సెట్టువేనే పిల్లా. ముళ్లిసిరేసి మళ్లీ నువ్వే అన్నం పెడతావు," అన్నాడు. నవ్వొచ్చింది, ఏం చెయ్యను! అతను తట్టడం మాత్రం మానలేదు. నేనూ చెప్పడం మానేశాను. మేడమ్‌కు వినిపించినా పిడి చప్పుడేగా అనుకున్నాను.

మూడోవారంలో బూరుగకు రోషం వచ్చింది. నాలుగో దెబ్బ పడగానే మాను మీది ముళ్లు పటపటా ఊడి తుపాకీ గుళ్లలా ఎగిరాయి. ఒకటి పండన్న భుజంలోకి బొటనవేలంత దిగింది. రక్తం కారుతుండగా అతణ్ణి లోపలికి లాక్కొస్తే, మేడమ్ కళ్లనీళ్లు పెట్టుకుని కాగితం చూపిస్తోంది. గీత నిట్టనిలువుగా లేచి, అంతే జోరుగా కిందికి పడింది.

"చూశావా! కోపం వచ్చింది, తీర్చుకుంది, మరిచిపోయింది!"

"ముందు దూది ఇవ్వండి మేడమ్," అని అరిచాను. ముల్లు నేనే లాగాను. కండ కూడా వచ్చింది.

మర్నాటి నుంచి అతనికి పాత రేకు తలుపు అడ్డం పెట్టి, తలకు హెల్మెట్ ఇచ్చారు. దేవదారుకు అవేవీ అక్కర్లేకపోయాయి. ఏడు దెబ్బలు పడినా అది కిక్కురుమనేది కాదు. గాటు దగ్గర బంక మాత్రం ఊరేది, సాయంత్రానికి గట్టిపడేది. దాని గీత రోజుకు వెంట్రుకవాసి పైకి పాకేది. నెలకోసారి గీత కాగితం అంచుకు చేరితే, యంత్రం పాతబడిందని మేడమ్ దాన్ని మళ్లీ మధ్యకు దించేది. ఇంకో సంగతి కూడా ఉంది. రోజూ పొద్దున మొదటి దెబ్బకు ముందు ఆ గీత కాస్త కిందికి జారేది. గీత గీసే పాళీలో దుమ్ము పడిందనుకుని గుడ్డతో తుడిచేదాన్ని. తుడిచి తుడిచి రెండు పాళీలు అరగదీశాను.

"చలిదేశపు మొద్దు," అనేది మేడమ్ దేవదారును చూసి. "మందంతా తాగి నిద్రపోతోంది."

కార్తీకం వచ్చేసరికి బూరుగ దెబ్బ పడకముందే ముళ్లు విసరడం మొదలుపెట్టింది. పండన్న తట్టి, చెయ్యి తీసి, రేకు వెనక్కి వచ్చాడో లేదో, పటపటమని వచ్చేవి. మేడమ్ గీతలన్నీ బల్ల మీద పరిచి రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"లోవలక్ష్మీ, గొడ్డలి తగలకముందే దానికి తెలుస్తోంది. మనిషి ఉద్దేశం తెలుస్తోంది దానికి! నరకడానికి వచ్చినవాణ్ణే కొడుతుంది. మామూలువాళ్లు దాని కింద నిద్రపోవచ్చు. అర్థమైందా నీకు? అది నిర్దోషిని ముట్టుకోదు."

నాకు అర్థమైంది. దానికి తెలుస్తున్నది ఉద్దేశం కాదు, పిడి బిగింపని నేను చెప్పిన ఆ తట్టు చప్పుడు. ఆ క్షణంలో నోరు తెరిస్తే నా అబద్ధాల చిట్టా అంతా బయటపడుతుంది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. పోనీలే, ఎవరికి నష్టం అనుకున్నాను. నా తలకాయ!

ఫాల్గుణంలో బూరుగ నెత్తిన నిప్పు పోసుకున్నట్టు పూసింది. వాచ్‌మన్ సింహాద్రి రోజూ మధ్యాహ్నం దాని కింద రాలిన పూలు తువ్వాల్లో ఏరుకునేవాడు, మేకకు పెట్టడానికి. నిర్దోషిని ముట్టుకోదని మేడమ్ చెప్పింది కదా. ఆ రోజు నేను వరండాలో కాగితాలు అతికిస్తున్నాను. పైకొమ్మ మీద వడ్రంగిపిట్ట వాలింది.

టక్. టక్. టక్.

"సింహాద్రి బావా!" అని లేచాను. అంతే లేవగలిగాను.

చెట్టు అన్నివైపులకూ పేలింది. ముళ్లతో పాటు పూలు కూడా రాలాయి. సింహాద్రి వంగినవాడు వంగినట్టే కూర్చున్నాడు. మెడలో నాలుగు, కంట్లో ఒకటి. నోరు తెరిస్తే మాటకు బదులు రక్తం వచ్చింది. అతని తల ఒళ్లో పెట్టుకున్నాను. తువ్వాల్లో పూలేవో, రక్తమేదో తెలియలేదు. నా చీరకొంగు పట్టుకుని, పట్టు వదలకుండానే పోయాడు. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

మేడమ్ వచ్చి శవం పక్కన నిలబడింది. "వీడు దొంగతనంగా కొమ్మలు కొట్టుకుంటున్నాడేమో," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది."

చచ్చినవాడి మీద నింద. ఆ నింద ఆమెది కాదు, నాది. నిజం దాచేశాను. ఇప్పుడు చెబితే సింహాద్రి పెళ్లాం నా జుట్టు పట్టుకుని ఊరంతా ఈడుస్తుంది, ఈడ్చవలసిందే. పిరికితనమంటే ఇదేనని అప్పటిదాకా నాకు తెలియదు.

సోమవారం విచారణకు పైవాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. ప్రయోగం మూసేస్తారని మేడమ్‌కు తెలిసిపోయింది. "రేపు దేవదారును పడగొట్టాలి," అంది. "రెండు మానుల లోపలి భాగాలూ కోసి పోల్చి చూడాలి. ఒకే మందు తాగి ఒకటి ఇలా, ఒకటి అలా ఎందుకైందో తెలియకుండా నేను ఈ కొండ దిగను. మొద్దుతో మొదలుపెడదాం. దానితో ప్రమాదం లేదు."

పండన్న ఇంటికొచ్చి గొడ్డలి నూరుకుంటున్నాడు. నేను తలుపు గడియపెట్టి సంగతంతా చెప్పేశాను. పిడి అబద్ధం, వడ్రంగిపిట్ట, సింహాద్రి. అతను నూరడం ఆపాడు.

"అయితే సింహాద్రిని నా తట్టే సంపిందా?" అన్నాడు. అంత చిన్న గొంతుతో అతను మాట్లాడగా ఎప్పుడూ వినలేదు.

"నా అబద్ధం చంపింది. విను మావా. రేపు దేవదారును తట్టొద్దు. అదీ అదే మందు తాగింది. ఎనిమిది నెలలు తాగింది. నీ తట్టు దానికీ తెలిసిపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ ఊరుకుందని రేపు ఊరుకుంటుందా? పడగొట్టేటప్పుడు ఊరుకుంటుందా?"

"తట్టకుండా నరకడమంటే సంపడమేనే. సెప్పకుండా ఎనక నుంచి పొడిసినట్టు. మా అయ్య సెయ్యలేదు, నాను సెయ్యను."

"నీ అయ్య రోజుల్లో చెట్లు ముళ్లు విసరలేదు!"

"దేవదారు ఇసరదు. దాని సంగతి నాకు తెలుసు. రోజూ సెయ్యేస్తన్నాను కదా. తట్టగానే లోపల ఒదులవుద్ది. పాలు పితికేముందు ఆవు ఒదిలినట్టు."

ఆ మాట అతను చెప్పాడు. నా చెవులతో విన్నాను. బి.ఎస్సీ. చదివిన చెవులు కదా, పట్టించుకోలేదు. ఏడ్చాను, తిట్టాను, పళ్లెం గిరాటేశాను. ఏదీ పనిచెయ్యకపోతే అతని చెయ్యి లాగి నా నెత్తిన పెట్టుకున్నాను.

"నా మీద ఒట్టు. తట్టనని చెప్పు."

అతని చెయ్యి నా తల మీద బరువుగా ఉంది. "సరే," అన్నాడు. ఆ రాత్రి అంబలి ముట్టలేదు.

పొద్దున మంచు విడిపోయాక అతను దేవదారు ముందు నిలబడ్డాడు. రేకు లేదు, హెల్మెట్ లేదు. నేను వరండాలో, మేడమ్ కిటికీలో యంత్రం దగ్గర. అతని చేతులు అలవాటున గొడ్డలిని తిరగేశాయి. నా వైపు చూశాడు. వద్దన్నట్టు తలూపాను. గొడ్డలిని మళ్లీ తిప్పి, చెట్టుకు చెప్పకుండా, ఊపిరిసేపైనా ఆగకుండా, బలంగా ఒక్క దెబ్బ వేశాడు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత మాను లోపల ఎక్కడో పెద్ద కీలు తెగినట్టు శబ్దమైంది. దేవదారు నిలువునా పగిలింది. ఎనిమిది నెలల బంక, ఎనిమిది నెలల దెబ్బలు ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చాయి. మనిషంత చెక్కలు ఈటెల్లా లేచాయి. ఒకటి పండన్న పొట్టలోంచి వెళ్లి వీపులోంచి బయటికొచ్చింది, అతణ్ణి పది అడుగులు ఎత్తుకెళ్లి నేలకు గుచ్చింది. వరండా స్తంభం విరిగింది. నా చెంప చీరుకుపోయింది, ఆ సంగతి నాకు సాయంత్రం దాకా తెలియదు.

పరుగెత్తాను. అతను ఇంకా బతికే ఉన్నాడు. వేడి బంక ఒళ్లంతా పట్టుకుని చర్మం ఊడిపోతోంది. నా మీద కోపం లేదు ఆ కళ్లలో. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

"సెప్పలేదు కదే," అన్నాడు. "పాపం, బెదిరిపోనాది."

అంతే. చెట్టు మీద జాలితో పోయాడు.

కిటికీలోంచి మేడమ్ కేక వినబడింది. "ఒక్క దెబ్బకు! లోవలక్ష్మీ, ఒక్క దెబ్బకు గీత కాగితం దాటిపోయింది!"

లోపలికి వెళ్లాను. ఆ గదిలోకి ఎలా వెళ్లానో గుర్తులేదు. ఆమె జుట్టు పట్టుకుని మొహాన్ని యంత్రానికేసి కొట్టాను. ముక్కు విరిగింది. రెండోసారి కొట్టబోతే ఆమె చేతులు అడ్డం పెట్టుకోలేదు. "కొట్టు," అంది. అప్పుడు వదిలేశాను.

సోమవారం వచ్చినవాళ్లు ప్రమాదమని రాసుకుని, కాఫీ తాగి, బూరుగ చుట్టూ ముళ్లతీగ కట్టించి వెళ్లారు. వాంగ్మూలం నాచేతే రాయించారు. 'దేవదారు వృక్షము ఆకస్మికముగా పగులుటవలన.' అక్షరం చెరగకుండా రాశాను.

పదకొండో రోజు దాటాక బంగళాకు వెళ్లి ఎనిమిది నెలల కాగితాలు కిందేసుకుని కూర్చున్నాను. బూరుగ గీతలు ఒకవైపు, దేవదారు గీతలు ఒకవైపు. మొదటి దెబ్బకు ముందు, సరిగ్గా తట్టిన చోట, బూరుగ గీత లేచింది. అదే చోట దేవదారు గీత దిగింది. ఒక్క రోజు కూడా తప్పలేదు. నేను పాళీ తుడిచిన ప్రతి చోటా దిగింది.

బూరుగకు తట్టడమంటే దెబ్బ వస్తోందని కబురు. దేవదారుకు తట్టడమంటే వచ్చినవాడు తెలిసినవాడని కబురు. ఆ ఊపిరిసేపట్లో అది తన బిగువంతా సడలించి, బంకను గాటు చోటికి పంపి, దెబ్బకు సిద్ధమయ్యేది. రోజూ కొట్టించుకుంది, రోజూ ఓర్చుకుంది. చెప్పకుండా కొట్టిన ఒక్క రోజు ఓర్చుకోలేదు. ఒక చెట్టును చూసి ఇంకో చెట్టును తూచాను నేను.

మేడమ్ ముక్కుకు కట్టుతో గుమ్మంలో నిలబడింది. అంతా చెప్పేశాను. దాచడానికి ఇంకేం మిగిలింది? ఆమె నన్ను తిట్టలేదు. నేల మీద కూర్చుని గీతల మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోయింది. వేలు ఆగింది.

"అంటే తట్టినవాడికి అది తల వంచుతుంది. తట్టనివాణ్ణి చంపుతుంది." కళ్లెత్తింది. కళ్లు వెలుగుతున్నాయి. "లోవలక్ష్మీ, దొంగలు తట్టరు."

"మేడమ్..."

"మన గార్డులకు తట్టడం నేర్పుదాం. దీని కాయలన్నీ కోయించి, విత్తనాలు మందులో నానబెట్టి కొండ కొండకూ నాటుదాం. పండన్న ప్రాణం వృథా పోలేదమ్మా." నా భుజం మీద చెయ్యి వేసింది. "నా తమ్ముడి ప్రాణం కూడా."

కట్టెలకు వెళ్లే మా ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఎండుకొమ్మను తట్టి విరుస్తారా ఎవరైనా? చెట్టెక్కే పిల్లలు తడతారా? నా మొగుడి దండాన్ని ఈవిడ తాళంచెవి చేస్తోంది.

మర్నాడు ఆమె కాగితాలు పట్టుకుని పట్నం వెళ్లింది, పెద్దవాళ్లను ఒప్పించడానికి. ముందు మందంతా మరుగుదొడ్లో పోసి సీసాలు పగలగొట్టాను. తర్వాత పండన్న గొడ్డలి తీసుకున్నాను.

దేవదారు సగం పగిలి, సగం నిలబడే ఉంది. పచ్చగానే ఉంది. దీన్ని చెప్పకుండా చావగొట్టాలనిపించింది, నేను కూడా పోతే పోనీ అనిపించింది. గొడ్డలి ఎత్తాను కూడా. 'పాపం, బెదిరిపోనాది' అన్న మాట వినబడింది.

గొడ్డలి తిరగేశాను. మూడుసార్లు తట్టాను. అరచెయ్యి ఆనించాను. అతను చెప్పింది నిజమే. లోపల వదులవుతోంది, చేతికి తెలుస్తోంది.

"తల్లీ," అన్నాను. "నరుకుతున్నాను. తప్పు కాయి."

ఊపిరిసేపు ఆగి కొట్టాను. పొద్దున మొదలుపెడితే ఎండ నడినెత్తికొచ్చింది. అరచేతులు చిట్లి పిడి జారుతుంటే చీరచెంగు చుట్టుకుని కొట్టాను. ఒక్క పేడు కూడా నా మీదికి ఎగరలేదు. నన్ను నమ్మింది. నమ్మినదాన్ని నమ్మినట్టే నరికాను. ఒరిగేటప్పుడు కూడా నాకు అవతలివైపుకే ఒరిగింది.

మేడమ్ ఆపకుండా వదిలేసిన యంత్రం లోపల ఇంకా తిరుగుతూనే ఉంది. తట్టిన చోట గీత దిగింది, దిగుతూనే పోయింది, చివరిదాకా మళ్లీ లేవలేదు.

రిజిస్టరు తీశాను. కాగితానికి రక్తం అంటుకుంది. తేదీ వేశాను. దెబ్బల సంఖ్య లెక్కపెట్టలేదు, అది ఖాళీగా వదిలేశాను. దానికి పైన, ఎనిమిది నెలల కిందటే రాయవలసిన వాక్యం రాశాను. 'ముందుగా గొడ్డలి వెనక వైపుతో మూడుసార్లు తట్టి, చెట్టుకు చెప్పడమైనది.'